బొమ్మలగుట్ట

శిల్పమును తెచ్చి ప్రకృతిలో నిలుపుట యొకటి. ప్రకృతినే శిల్పముగా మలచుట వేరొకటి. అమెరికాలోని యూటా రాష్ట్రమున, ఉప్పుసరస్సులో రాబర్ట్ స్మిత్‌సన్ 1970లో రాళ్లతోను మట్టితోను చుట్టలుగా పోయించిన కట్టను లోకము క్రొత్త కళగా కొనియాడినది. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున, కురిక్యాల చెంతనున్న గుట్టను చూచినవారికి అది అంత క్రొత్తగా తోచదు.

ఆ గుట్ట బండపై చక్రేశ్వరీదేవి, జినమూర్తులు మలచబడియున్నవి. ఊరివారికి ఆమె బొమ్మలమ్మ. చెక్కించినవాడు జినవల్లభుడు, వేములవాడ చాళుక్యప్రభువు రెండవ అరికేసరి ఆస్థానకవియగు పంపనికి తమ్ముడు. సుమారు 945 నాటి అతని శాసనము సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో అచటనే కలదు. అందలి తెలుగు కందపద్యములు నన్నయకు నూరేండ్ల ముందటివి. జినవల్లభుడు బొమ్మలతో ఊరకుండక త్రిభువనతిలకమను బసదిని, మదనవిలాసమను తోటను, కవితాగుణార్ణవమను చెరువును కూడ నిర్మించెను. కవితాగుణార్ణవుడనునది పంపని బిరుదు. అన్నగారి బిరుదును చెరువునకు పెట్టిన ఆ తమ్ముని ముచ్చట మాకు మిక్కిలి నచ్చినది! గుట్ట, గుడి, నీరు, తోట: అన్నియు కలిసి యొకే రచన.

2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన వేళ పండితులు ఈ పద్యములను సాక్ష్యముగా చూపిరి. కాని కరీంనగరు గ్రానైటునకు విదేశములలో గిరాకి మెండు. ఆ సీమలో ఎన్నియో గుట్టలు క్వారీల పాలైనవి. విడి విగ్రహమైనచో మ్యూజియమునకు తరలింపవచ్చును. ఈ బండను ఎచటికి తరలింతుము? దీనిని విడిచి ప్రక్క బండను పేల్చినను, ఆ అదురు ఈ అక్షరములకు తగులకుండునా?