పెరటి దుంపల చరిత్ర

పువ్వు కనిపిస్తే ముచ్చటపడతాం, దుంప కనిపిస్తే ఉత్త మట్టిగడ్డ అనుకుంటాం. కాని చరిత్రంతా ఆ గడ్డలోనే ఉంది సుమండీ!

నేలసంపెంగనే తీసుకోండి. బజార్లో లిల్లీ అంటాం గాని, అది లిల్లీ జాతి కాదు. దాని పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వాళ్ళు ఆ దేశాన్ని జయించాక 16వ శతాబ్దంలో ఐరోపాకు వెళ్ళింది. తర్వాత మన దేశం చేరింది. ఇప్పుడది లేని పెళ్ళిదండ ఉందా? బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి 'ప్రజ్వల్' రకాన్ని కన్నవాటిలో ఒకదాని పేరు 'మెక్సికన్ సింగిల్'. ఇన్నేళ్ళయినా పుట్టింటి పేరు పోలేదన్నమాట!

ఇక కంద. కందా బచ్చలీ మన గోదావరి వంట. పేరుపడ్డ 'గజేంద్ర' రకం మన కొవ్వూరు పరిశోధన స్థానంలో వచ్చిందే. కందకు దగ్గరి చుట్టం ఒకదాన్ని 1878లో బెక్కారీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు సుమత్రా అడవుల్లో చూశాడు. నిలువెత్తుకు మించిన పువ్వు, కుళ్ళిన మాంసం వాసన! 1889లో లండన్ క్యూ తోటలో పూసింది. 1926లో మళ్ళీ పూస్తే, జనాన్ని ఆపడానికి పోలీసులు రావలసి వచ్చిందట. మన పెరటి కంద పూసినా అదే కంపు. చూడ్డానికి మాత్రం ఎవరూ రారు!

మరి పెంచడం ఎలా? తాడేపల్లిగూడెం మెట్ట వైపు ఎర్రనేలల్లో నీరు ఇంకిపోతుంది. ఏలూరు, కొల్లేటి వైపు నల్లమట్టిలో నిలిచిపోయి దుంప కుళ్ళుతుంది. అందుచేత ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి జానెడెత్తు మడి కట్టండి. ఆకు ఎండిందని తవ్వి పారేయకండి. దుంప నిద్రపోతోందంతే, నీళ్ళు తగ్గిస్తే సరి.

ఒక్క దుంప దగ్గర మాత్రం జాగ్రత్త. అగ్నిశిఖ. ఎరుపూ పసుపూ కలిసి మంటలా పూస్తుంది. 1947లో రొడీషియా బడిపిల్లలు ఎలిజబెత్ రాకుమారికి ఇచ్చిన వజ్రాల పతకం ఈ పువ్వు ఆకారమే. దుంప నాగలిలా ఉంటుందని సంస్కృతంలో లాంగలి అన్నారు. దానికే గర్భపాతని అని ఇంకో పేరు. చాటుమాటుగా ఆ దుంపతో ఏం చేసేవారో ఆ పేరే చెబుతోంది కదమ్మా! అందులోని కాల్చిసిన్‌ను వైద్యులు కొలిచి ఇస్తే గౌట్ అనే కీళ్ళవాతానికి మందు. కొలత తప్పితే ప్రాణం తీస్తుంది. దానికి ఇంటివైద్యం లేదు. పొరపాటున ఎవరైనా నోట పెట్టుకుంటే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

కనుక పక్కింటావిడ దుంప ఇస్తే ఆనందంగా పుచ్చుకోండి. అయితే తినేదా, చూసేదా, పిల్లలకు అందకుండా ఉంచవలసిందా అని అడిగి మరీ పాతండి.