కిస్తీలు కట్టలేకపోతున్నారా? లోన్ రీస్ట్రక్చరింగ్ గురించి ఇవి తెలుసుకోండి

దుకాణం నడవకపోవడం, గల్ఫ్‌లో ఉద్యోగం పోవడం, ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేయడం... కారణం ఏదైనా నెలనెలా ఈఎంఐ కట్టలేని పరిస్థితి ఏ కుటుంబానికైనా రావచ్చు. అలాంటప్పుడు చాలామంది బ్యాంకు ఫోన్ ఎత్తడం మానేస్తారు. లేదంటే ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు తీసుకుంటారు. రెండింటివల్లా బాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు. వీటికంటే ముందు ఆలోచించాల్సిన దారి లోన్ రీస్ట్రక్చరింగ్, అంటే రుణ పునర్వ్యవస్థీకరణ.

రీస్ట్రక్చరింగ్ అంటే ఏమిటి?

అప్పు మాఫీ కాదు. పాత అప్పునే మీరు కట్టగలిగే విధంగా షరతులు మార్చడం. గడువు పెంచి ఈఎంఐ తగ్గించవచ్చు, కొన్ని నెలలు వాయిదా ఆపవచ్చు, వడ్డీ రేటు తగ్గించవచ్చు, లేదా క్రెడిట్ కార్డు బాకీని తక్కువ వడ్డీ కిస్తీలుగా మార్చవచ్చు. ఇది మన హక్కు కాదు. బ్యాంకు తన పాలసీ ప్రకారం, మీ ఆదాయం చూసి నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 14 శాతం వడ్డీతో 4 లక్షల బాకీ ఉంది, ఇంకా 36 నెలలు కట్టాలి అనుకుందాం. ఈఎంఐ సుమారు 13,670 రూపాయలు. దాన్ని 60 నెలలకు పెంచితే ఈఎంఐ సుమారు 9,310కి దిగుతుంది. నెలకు నాలుగు వేలకు పైగా ఊరట. కానీ మొత్తం వడ్డీ సుమారు 92 వేల నుంచి 1 లక్షా 58 వేలకు పెరుగుతుంది. 2020లో కరోనా సమయంలో ఇచ్చిన మారటోరియం కూడా ఇంతే. మార్చి నుంచి ఆగస్టు వరకు కిస్తీ ఆగింది, వడ్డీ మాత్రం ఆగలేదు. అందుకే చేతిలో డబ్బు పడినప్పుడు అసలులో కొంత ముందే కట్టేయడం మంచిది.

90 రోజులు దాటనివ్వకండి

వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా, అంటే ఎన్‌పీఏగా లెక్కిస్తుంది. ఆ తర్వాత ఒక కిస్తీ కడితే సరిపోదు, పాత బకాయిలన్నీ తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలు అవుతుంది. కాబట్టి మొదటి వాయిదా తప్పే సూచన కనిపించగానే బ్రాంచికి వెళ్లండి.

ఎలా అడగాలి?

నోటి మాట చాలదు. దరఖాస్తు రాసి ఇచ్చి, కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి, లేదా ఈమెయిల్ పంపండి. అందులో లోన్ నంబరు, ఇబ్బందికి కారణం, ఇప్పుడున్న ఆదాయం, నెలకు ఎంత కట్టగలరో స్పష్టంగా రాయండి. ఉద్యోగం పోయిన లెటరు, ఆసుపత్రి బిల్లులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. లోన్ తీసుకున్న వ్యక్తి విదేశంలో ఉంటే ఇక్కడ సంతకాలు చేయడానికి కుటుంబంలో ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ అవసరం పడవచ్చు.

కట్టలేని మొత్తానికి ఒప్పుకోకండి. కొత్త ఒప్పందం కూడా తప్పితే రెండోసారి వినేవాళ్లు తక్కువ. సంతకం పెట్టే ముందు కొత్త వడ్డీ, గడువు, చార్జీలు చదవండి. రిజర్వ్ బ్యాంకు 2023 ఆదేశాల ప్రకారం వాయిదా తప్పినందుకు వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదు.

సెటిల్‌మెంట్ వేరు

మొత్తం బాకీలో కొంత కట్టించుకుని మిగతాది వదిలేస్తే అది వన్ టైమ్ సెటిల్‌మెంట్. వినడానికి బాగుంటుంది కానీ సిబిల్ వంటి క్రెడిట్ రిపోర్టుల్లో 'సెటిల్డ్' అని పడుతుంది. తర్వాత ఇంటి లోన్ దొరకడం కష్టమవుతుంది. రీస్ట్రక్చరింగ్ కూడా రిపోర్టులో నమోదవుతుంది, అయితే పూర్తి బాకీ తీర్చే అవకాశం మిగిలి ఉంటుంది. సెటిల్ చేసుకుంటే ఆ లెటరు ముందే తీసుకుని, బ్యాంకు ఖాతాలోకే కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి.

జామీను పెట్టినవారి సంగతి

మామయ్యో, బావమరిదో జామీను సంతకం పెట్టి ఉంటే బాకీకి ఆయన కూడా మీతో సమానంగా బాధ్యుడే. బ్యాంకు నేరుగా ఆయన్నే అడగవచ్చు. ఆయనకు చెప్పకుండా షరతులు మార్చకూడదు కాబట్టి రీస్ట్రక్చరింగ్ సమయంలో ఆయన సంతకం కూడా అడుగుతారు. నోటీసు ఇంటికి వచ్చాక తెలిసేకంటే మీరే ముందు చెప్పడం బంధుత్వానికి మంచిది.

ఇల్లు తాకట్టులో ఉంటే

ఖాతా ఎన్‌పీఏ అయ్యాక 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. దాన్ని పక్కన పడేయకండి. ఆ గడువులో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, బ్యాంకు జవాబు ఇవ్వాలి. స్వాధీనం చర్య మొదలైతే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ ఇవి ఉన్నాయి.

వేధిస్తే, వినకపోతే?

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బూతులు తిట్టడం, బంధువుల ముందు పరువు తీయడం రిజర్వ్ బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. కాల్ రికార్డులు, మెసేజ్‌లు దాచి ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

అప్పు కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు పంపే నేరం కాదు. కానీ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే కేసు పెట్టవచ్చు, రెండేళ్ల వరకు శిక్ష ఉంటుంది. డబ్బు లేనప్పుడు కొత్త చెక్కులు రాసివ్వకండి. బ్యాంకు కేసు వేస్తే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించవచ్చు, ఫీజు ఉండదు. అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు కాబట్టి ఒప్పుకునే ముందు లెక్క చూసుకోండి. ఉచిత న్యాయ సహాయానికి నంబరు 15100. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఈ సహాయం అందుతుంది.