వేటభూముల తారతమ్యం

వేటకు బయలుదేరే రాజు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ సీమలో ఏ మృగం దొరుకుతుంది? ఆయుధాలు, గుర్రాలు, జాగిలాలు, పరివారం - ఇవన్నీ తరువాతి మాటలు. ఈ ప్రశ్నకు మన దేశంలో రెండువేల ఏండ్లుగా సమాధానాలు వ్రాస్తూనే వచ్చారు. రాజనీతి గ్రంథకర్తలు వ్రాశారు, ఆస్థాన చరిత్రకారులు వ్రాశారు, ఆ తరువాత ఆంగ్లేయ ఉద్యోగులు వ్రాశారు. ఒకరికి సైన్యానికి కావలసిన ఏనుగులు ముఖ్యం, మరొకరికి వినోదం ముఖ్యం. కాని ఆ జాబితాలను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చదివితే, వ్రాసినవారు తలపెట్టని విషయం ఒకటి బయటపడుతుంది. ఏ భూమి ఏ మృగాన్ని నిలుపుకొన్నదో, ఏ భూమి పోగొట్టుకొన్నదో ఆ జాబితాలే చెబుతాయి.

ఇటువంటి తారతమ్యాన్ని నిర్ణయించిన ప్రాచీన గ్రంథాలలో కౌటిల్యుని అర్థశాస్త్రం ముఖ్యమైనది. ఏనుగులను అది దేశాన్నిబట్టి మూడు తరగతులు చేసింది. కళింగ, అంగ దేశాలవి, తూర్పు సీమలవి, చేది, కరూశ దేశాలవి ఉత్తమమైనవి. దశార్ణ, అపరాంత దేశాలవి, అనగా తూర్పు మాళవానివి, పడమటి తీరానివి మధ్యమం. సౌరాష్ట్ర, పంచనద దేశాలవి అన్నిటికంటె తక్కువ రకం. ఇక్కడ వేట అంటే చంపడం కాదు, పట్టడం. వేసవికాలంలోనే ఏనుగులను పట్టవలెననీ, ఇరువది ఏండ్ల ప్రాయం వచ్చిన దానినే పట్టవలెననీ ఆ గ్రంథం నియమించింది. గజవనంలో ఏనుగును చంపినవానికి మరణదండన విధించింది.

ఈ తరగతులలో మనం గమనించవలసినది చివరిది. సౌరాష్ట్రంలోను, పంజాబు మైదానాలలోను పట్టదగిన ఏనుగులు ఆనాడు ఉండేవన్నమాట. నేడు అక్కడ అడవి ఏనుగుల మందలు లేవు. ఉత్తమమని పేరుపొందిన కళింగంలో మాత్రం ఏనుగు మిగిలినది. ఆ కళింగపు దక్షిణ భాగమే మన శ్రీకాకుళం సీమ. ఒడిశా కొండలనుండి దిగివచ్చి శ్రీకాకుళం, పార్వతీపురం ప్రాంతాల పంటపొలాలలో తిరుగుతున్న ఏనుగులను చూచి నేడు రైతులు భయపడుతున్నారు. అర్థశాస్త్రం మొదటి తరగతిలో చేర్చినవి ఆ దేశపు ఏనుగులనే.

మొగలాయి కాలానికి వచ్చేసరికి చిత్రం కొంత మారినది. పదునారవ శతాబ్ది చివర అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో ఏనుగులు దొరికే చోట్లను సుబాలవారీగా పేర్కొన్నాడు. ఆగ్రా సుబాలో నర్వారు అడవులు, అలహాబాదు సుబా వైపు పన్నా, సర్గుజా, బస్తరు, మాళవంలో హిండియా, చందేరి, బీహారులో రోహతాసు, ఇంకా వంగ, ఒరిస్సా దేశాలు ఆ పట్టికలో ఉన్నవి. వీటన్నిటిలోను పన్నా ఏనుగులే శ్రేష్ఠమని ఆయన తీర్పు. కౌటిల్యుడు కడపటి తరగతిలో పెట్టిన సౌరాష్ట్రానికి, పంజాబుకు ఈ పట్టికలో చోటు లేదు. పడమటి దేశంలో ఏనుగు కథ అప్పటికే ముగిసినదని దీనినిబట్టి ఊహించవచ్చును.

ఖడ్గమృగం సంగతి ఇంతకంటె ఆశ్చర్యకరం. అబుల్ ఫజలుకు కొన్ని దశాబ్దాల ముందు బాబరు తన స్వీయచరిత్రలో పెషావరు, హష్తనగరు అడవులలో ఖడ్గమృగాలు విస్తారంగా ఉన్నవని వ్రాశాడు, అక్కడ వాటిని వేటాడాడు కూడ. నేడు మన దేశంలో ఖడ్గమృగమంటే అస్సాం మాటే ముందు తలపునకు వస్తుంది. సింధునది ఒడ్డునుండి బ్రహ్మపుత్ర ఒడ్డుకు - ఒక మృగం రాజ్యం ఇంతగా కుంచించుకుపోయినది.

జహంగీరు చక్రవర్తి వేట లెక్కలను కూడ శ్రద్ధగా వ్రాయించినవాడు. పన్నెండవ ఏటినుండి ఏబదవ ఏటివరకు తన సమక్షంలో 28,532 జంతువులు వేటలో చనిపోయినవనీ, వాటిలో 17,167 తన చేతనే కూలినవనీ ఆయన గ్రంథంలో ఉన్నది. ఆయన తండ్రి అక్బరు ఒక దశలో వేయి చీతాలను సమకూర్చినాడని కూడ ఆయనే వ్రాశాడు. మన పెద్దలు చివంగి అని పిలిచిన ఈ మృగాన్ని మచ్చికచేసి, జింకలపై వదలి వేటాడేవారు. ఈ విద్య దక్కనుకు పూర్వపరిచితమే. కల్యాణినుండి 1126-1138 మధ్య పాలించిన చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో దీనిని వర్ణించాడు. అయితే ఆ కాలంలో చీతా బందీగా ఉండగా పిల్లలను పెట్టడం చాల అరుదు. తన కొలువులో 1613లో ఒక ఆడ చీతా మూడు పిల్లలను పెట్టడాన్ని జహంగీరు ఒక వింతగా నమోదు చేశాడు. అంటే రాజుల కొలువులో ఉన్న చీతాలు దాదాపు అన్నీ అడవిలో పట్టితెచ్చినవే. చచ్చిన ప్రతి చీతాకు బదులు మరొకటి మైదానంనుండి రావలసిందే.

ఆంగ్లేయుల కాలంలో వేటభూముల తారతమ్యం ఒక శాస్త్రంవలె పెరిగినది. హిమాలయాల దిగువన తెరాయి ప్రాంతంలో మనిషిని మించిన గడ్డి ఉండడంచేత అక్కడ ఏనుగుల బారులు తీర్చి పులిని చుట్టుముట్టేవారు. మధ్య భారతపు కొండలలో మంచె కట్టి కూర్చుండి, మనుష్యులచేత జంతువులను తోలించేవారు. దక్కను మైదానాలలో కృష్ణజింకను, బట్టమేక పిట్టను పొంచి కొట్టేవారు. భూమిని బట్టి మృగం, మృగాన్ని బట్టి వేట. 1871లో మధ్యభారత పర్వతసీమను గురించి గ్రంథం ప్రకటించిన జేమ్స్ ఫోర్సైత్ ఒక చక్కని సంగతిని కనిపెట్టాడు. తూర్పున సాలవృక్షాల అడవి ఉన్నచోటనే బారాసింగా జింకలు, ఎర్ర అడవికోళ్ళు ఉంటాయి. పడమట టేకు అడవులలో బూడిదరంగు అడవికోడి ఉంటుంది. పచ్‌మఢీ క్రింద దెన్వా లోయలో, టేకు సీమ మధ్య ఒంటరిగా ఒక సాలవనం ఉండగా, అందులోను బారాసింగా, ఎర్ర అడవికోడి కనిపించినవి. చెట్టు పోతే దానితో కూడ జంతువు పోతుందన్న సత్యం ఇందులో ఇమిడి ఉన్నది.

అయినా తుపాకి ఆగలేదు. అహమ్మదునగరు జిల్లాలో ఒకే ఆంగ్లేయుడు 1809, 1829 సంవత్సరాల మధ్య 961 బట్టమేక పిట్టలను కొట్టాడు. కూచ్‌బిహారు మహారాజు 1908లో ప్రకటించిన గ్రంథంలో ముప్పదియేడు ఏండ్ల వేట లెక్క ఉన్నది: 365 పులులు, 207 ఖడ్గమృగాలు. 1938 నవంబరు 12న భరత్‌పూరు సరస్సులో వైస్రాయి విందువేటలో ఒక్కరోజున 4,273 పక్షులు నేలకూలినవి.

ఈ వేటభూములు ఇప్పుడేమైనవి? ఇదే మన ప్రశ్నకు అసలు ముడి. ఆ భరత్‌పూరు సరస్సు 1982లో జాతీయ ఉద్యానవనమైనది. జునాగఢు నవాబులు తమకై కాపాడుకొన్న గిర్ అడవిలోను, దాని వెలుపలి సౌరాష్ట్ర ప్రాంతాలలోను కలిపి 2025 లెక్కనుబట్టి 891 సింహాలున్నవి. అస్సాంలో కాజీరంగా 1908లో రక్షితారణ్యమైనది, 2022లో అక్కడ 2,613 ఖడ్గమృగాలను లెక్కించారు. 1973లో పులుల రక్షణకై మొదట ఎన్నుకొన్న తొమ్మిది అడవులలో జయపురం రాజుల రణథంబోరు, మైసూరు రాజుల బందీపురం, మయూరభంజు రాజుల సిమిలీపాలు ఉన్నవి. మూడూ రాజుల వేటస్థలాలే. 1972 చట్టం వినోదవేటను కట్టడి చేసినది. ఆ ఏటి గణనలో 1,827 ఉన్న పులులు 2022 నాటికి 3,682 అని అంచనా.

దీనినిబట్టి వేటగాండ్లే మృగాలను కాపాడారని చెప్పరాదు. వారు కాపాడుకొన్నది తమ హక్కును. ఆ హక్కు కోసం గొడ్డలిని, నాగలిని, ఇతరుల తుపాకిని ఆ అడవి దరికి రానీయలేదు. రాజు పోయిన తరువాత అడవి మిగిలినది. అయితే ఆ నిషేధపు భారం మోసినది అక్కడి ప్రజ. తాతల కాలంనుండి తేనె, దుంపలు, చిన్నవేటతో బ్రదికినవారు తమ అడవిలోనే అపరాధులైనారు. నల్లమల చెంచులకు అడవి ఇల్లు. ఇతరులకు అది మొదట వేటభూమి, తరువాత అభయారణ్యం. ఈ లెక్కను కూడ చరిత్ర వ్రాయవలసి ఉన్నది. కాపలా సడలితే అభయారణ్యమన్న పేరు ఒక్కటే నిలువదనడానికి కూడ నిదర్శనమున్నది. ఒకనాడు శ్రేష్ఠమైన ఏనుగులకు పేరుపొందిన పన్నాలో 2009 నాటికి ఒక్క పులి కూడ మిగలలేదు, మళ్ళీ ఇతర అడవులనుండి తెచ్చి వదలవలసి వచ్చినది.

ఇంతకంటె విచారకరమైనది మైదానపు కథ. కొండ అడవి రాజుదిగానో ప్రభుత్వానిదిగానో ఉన్నది. గడ్డి మైదానాలలో ఎక్కువభాగం బంజరు అనే పేరుతో లెక్కలకెక్కి, కొంచెం కొంచెంగా నాగలి క్రిందికి పోయినది. 1947లో కొరియా సంస్థానాధిపతి మూడు చీతాలను కొట్టాడు. ఆ తరువాత నిశ్చయమైన జాడ లేక 1952లో ప్రభుత్వం ఆ జాతి నశించినదని ప్రకటించింది. అక్బరు వేయి చీతాలను కూర్చిన దేశం 2022 సెప్టెంబరులో ఎనిమిది చీతాలను నమీబియానుండి తెచ్చుకొని కూనో అడవిలో వదలినది. మన కర్నూలు సీమలో రోళ్ళపాడు బీళ్ళను 1988లో బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడడమే గగనమైనది.

హైదరాబాదులో వనస్థలిపురం దాటి వెళ్ళేవారికి రోడ్డు ప్రక్కన హరిణవనస్థలి కనిపిస్తుంది. అది ఒకనాడు నిజాము వేటస్థలం, 1994లో జాతీయ ఉద్యానవనమైనది. చుట్టూ నగరం పెరిగిపోగా లోపల కృష్ణజింకలు మేస్తున్నవి. దక్కను మైదానం ఎట్లా ఉండేదో చూపడానికి నగరం మధ్య ఆ ముక్క మిగిలినది. ఏ సీమలో ఏ మృగం దొరుకుతుందని పూర్వులు అడిగారు. ఏ సీమలో ఏ మృగానికి ఇంకా చోటున్నదని అడుగవలసిన వంతు మనది. ఆ ప్రశ్న వేసేటప్పుడు కొండలతోపాటు మన ఊరి బీడును కూడ లెక్కలోనికి తీసుకొనవలెను.