ఆవిరితో నడిచే రేకు పడవ

తెడ్డు లేదు, చక్రం లేదు, తాళం తిప్పే స్ప్రింగు లేదు. చిన్న నూనె వత్తి వెలిగించి నీళ్ల బేసిన్‌లో వదిలితే చాలు, టకటకమంటూ చుట్లు కొడుతుంది. తిరునాళ్లలో పిల్లలను కదలనివ్వని ఈ రేకు పడవ పుట్టి 130 ఏళ్లు దాటింది.

దీన్ని కనిపెట్టిన ఘనత సాధారణంగా థామస్ పియో అనే ఫ్రెంచివాడికి దక్కుతుంది. ఆయన 1891లో బ్రిటన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆవిరి ఓడ అంటే అప్పటికి బాయిలర్, పిస్టన్, నీటిని తోసే చక్రమో ప్రొపెల్లరో. పియో పడవలో ఉన్నవి ఒక బుల్లి బాయిలర్, దాని నుంచి వెనక్కి వెళ్లి నీళ్లలో తెరుచుకునే రెండు గొట్టాలు, అంతే. పిస్టన్ పనిని నీళ్లకే అప్పగించాడు.

వత్తి వేడికి బాయిలర్‌లోని నీళ్లు ఆవిరై ఉబ్బి, గొట్టాల్లోని నీటిని బయటికి నెడతాయి. చల్లని గొట్టంలోకి జారిన ఆవిరి మళ్లీ నీరవుతుంది. లోపల ఒత్తిడి పడిపోగానే బయటి నీళ్లు వెనక్కి దూసుకొస్తాయి. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు. నిజానికి ఒక్క గొట్టంతోనూ పడవ నడుస్తుంది. రెండుంటే, నడిపే ముందు ఒకదాంట్లో నీళ్లు పోస్తుంటే రెండోదాంట్లోంచి గాలి పోతుంది, బాయిలర్ నింపడం తేలిక.

1915లో అమెరికాకు చెందిన చార్లెస్ మెక్‌హ్యూ బాయిలర్ పైకప్పుగా పల్చటి లోహపు రేకు పెట్టే పద్ధతికి పేటెంటు కోరాడు. ఒత్తిడి మారినప్పుడల్లా ఆ రేకు పైకీ కిందికీ వంగుతుంది. ఆ టకటక దానిదే. 1920లో విలియం పర్సెల్ బాయిలర్‌నే తీసేశాడు. గొట్టాన్నే చుట్టలా తిప్పి మంట మీద పెట్టాడు. చప్పుడు తగ్గినా తయారీ మరింత సులువైంది.

ఇక అసలు చిక్కుప్రశ్న: ఎంత నీరు బయటికి పోతోందో అంతే లోపలికి వస్తోంది కదా, పడవ ఉన్నచోటే ఎందుకు ఊగిసలాడదు? వెలుగుతున్న దీపాన్ని జానెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అంతే దూరం నుంచి గాలి పీలిస్తే రెపరెపలాడదు కూడా. ఊదిన గాలి ఒకే దారిన సూటిగా పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. నీళ్లదీ అదే తీరు. బయటికి పోయే నీరు వెనక్కి సూటిగా దూకుతూ పడవను ముందుకు తోస్తుంది. లోపలికి వచ్చే నీరు పడవను కాస్త వెనక్కి లాగినా, లోపల ఆగేటప్పుడు దాదాపు అంతే బలంతో ముందుకు తడుతుంది. ఆ రెండూ చెల్లుకు చెల్లు. మిగిలేది ముందడుగే.



పియో చేతిలో పిస్టన్, పర్సెల్ చేతిలో బాయిలర్ పోయాయి, ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లల కోసం బొమ్మ తయారుచేసేవారు పట్టుకోవాల్సిన సూత్రం ఇదే: పరికరాలు ఎంత తక్కువుంటే, ‘ఇదెలా నడుస్తోంది?’ అని పిల్లలు అడగడానికి అంత చోటుంటుంది.