ఎమ్యులేటర్ (వీడియో గేమ్)

పాత వీడియో గేమ్ యంత్రాన్ని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో అనుకరించే సాఫ్ట్‌వేర్. పాత ప్రాసెసర్ కోసం రాసిన ఆదేశాలను చదివి, కొత్తదానికి అర్థమయ్యేలా నడిపిస్తుంది. బొమ్మ, శబ్దం చిప్‌ల పనీ తానే చేస్తుంది. 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రపు ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా ఆ చిప్‌ల మధ్య లయ తప్పకుండా చూడటం చాలా కష్టమైన పని.

కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి పట్టణాల్లో 1990లలో పిల్లలు టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడింది ఎక్కువగా ఫ్యామికామ్ నకలు యంత్రాల మీదే. ఆ యంత్రాలు మూలపడ్డాక ఆ ఆటలను బతికించింది ఎమ్యులేటర్లే.

పార్లర్ ఆటలదీ అదే కథ. మనవాళ్లు ‘ముస్తఫా’ అని పిలుచుకున్న ఆట క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అందులోని నలుగురు వీరుల్లో ముస్తఫా ఒకడు. నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన ‘మేమ్’ ఎమ్యులేటర్ ఇలాంటి ఆటలను కంప్యూటర్ మీదికి తెచ్చింది. కీబోర్డుపై 5 నొక్కితే నాణెం వేసినట్టు, 1 నొక్కితే ఆట మొదలు.

ఎమ్యులేటర్ తయారీకి పాత యంత్రపు సాఫ్ట్‌వేర్‌ను విప్పి పరిశీలించడం న్యాయమైన వినియోగమేనని సోనీకీ, ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్ సంస్థకూ మధ్య వివాదంలో అమెరికా అప్పీలు కోర్టు 2000లో తేల్చింది. ఆటల ఫైళ్లకు మాత్రం కాపీరైట్ వర్తిస్తుంది.