తుపాకీ కన్నా ముందు కాగితం

రాత్రి పదిన్నర దాటింది. బోధన్ నుంచి మంజీర వైపు పోయే మట్టిబాట పక్కన బండి ఆపి, లైటు ఆర్పి, చెరుకు తోట గట్టు మీద నిలబడ్డాం. డిసెంబరు చలి చెవులను కొరుకుతోంది. "సప్పుడు జెయ్యకుండ్రి, ఇనుండ్రి" అంటాడు తోట రైతు. మొదట కాలువ నీళ్ల గలగల తప్ప ఏమీ లేదు. కాసేపటికి తోట నడుమ ఒక గడ ఫటుక్కున విరిగింది. వెంటనే ఇంకోటి, ఆ తర్వాత వరసగా నాలుగైదు. నమిలే చప్పుడు గట్టు దాకా వస్తోంది. అడవి పందుల మంద దిగింది.

రైతు సుతిలి బాంబు అంటించి లోపలికి విసిరాడు. మోత ఆగేలోపే ఆకులు గరగరలాడాయి. మంద అటు చివరకు పరుగెత్తింది. టార్చి పట్టుకుని మనమూ లోపలికి నడుద్దాం. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోండి, చెరుకాకు అంచు చెంప కోస్తుంది. ఇదిగో, ఇక్కడ వంగి చూడండి. గడను కింది కణుపు దగ్గర పట్టి కొరికాయి, నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేశాయి. ఆ పిప్పి ఇంకా తడిగా ఉంది, పట్టుకుంటే వేళ్లకు అంటుతోంది. తిన్నది తక్కువే. సగం కొరికి వదిలేసిన గడలు, తొక్కి పడగొట్టినవి దాని చుట్టూ ఎన్నో. కొరికిన గడ రెండు రోజుల్లో పులుస్తుంది, ఇక ఏ ఫ్యాక్టరీ తూకానికీ ఎక్కదు.

గట్టు చుట్టూ పాత చీరలు కట్టాడు. మంగలి దుకాణం నుంచి తెచ్చిన వెంట్రుకలు చల్లాడు. కొన్నాళ్లు ఆగాయట, తర్వాత చీరల కిందనుంచే దూరాయి. చుట్టుపక్కల కొందరు చేసే పని మాత్రం ఇతను చెయ్యలేదు. కరెంటు లైనుకు కొండి తగిలించి, పొలం చుట్టూ బైండింగ్ తీగ పరచడం. ఆ తీగకు పంది పడుతుంది, బర్రె పడుతుంది, తెల్లవారక ముందే నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క పొలం మనిషి పడతాడు. 2019 జనవరిలో మంచిర్యాల జిల్లాలో పులి చర్మం పట్టుబడినప్పుడు తేలిందీ ఇదే. అడవి జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ పులి ప్రాణం తీసింది, ఆ తర్వాత చర్మం అమ్మకానికి బయలుదేరింది.

"చెరుకు ఏసినోనికి రెండు బాధలన్నా" అంటాడు రైతు, చల్లారిన బీడీ మళ్లీ వెలిగిస్తూ. "కొట్టేదాంక ఉంటదో లేదో ఎరుక లేదు. కొట్టినంక ఏడికి తోలాల్నో ఎరుక లేదు."

రెండో బాధ ఏమిటో పొద్దున శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడితే తెలుస్తుంది. 1931 నాటికి నిజాంసాగర్ కట్టి మంజీర నీళ్లు ఈ నేలకు మళ్లించారు. ఆ నీళ్ల మీదే 1930ల చివర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని ఈ ప్రాంతం ఏళ్ల తరబడి చెప్పుకుంది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ నోటీసు గేటుకు అంటింది. అప్పటి నుంచి మిగిలిన చెరుకు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీల దారి పట్టింది. చాలామంది వరికి, మక్కకు, సోయాకు మళ్లారు. మక్క చేనంటే పందికి చెరుకు కన్నా ఇష్టం.

ఈ తోటలో ఒక పందిని చంపాలంటే తుపాకీ కన్నా ముందు కాగితం కావాలి. నేను మిమ్మల్ని ఇంత రాత్రి ఇక్కడికి పిలిచింది ఆ కాగితం గురించి చెప్పడానికే. ఆఫ్రికాలో సింహం తల కోసం వేల డాలర్లు పోసే వేట గురించి టీవీలో చూసి కోపం తెచ్చుకుంటాం. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ వేటలోని అవినీతి ఎక్కువ భాగం తూటా పేలడానికి చాలా ముందే, బల్ల మీద, ముద్ర వేసే చోట జరిగిపోతుంది. ఎవరికి కాగితం దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది బోధన్ రైతుకు బాగా తెలిసిన సంగతి.

ఇప్పుడు నిజామాబాద్ పోదాం. ఖిల్లా వైపు పాతబస్తీలో ఒక దివాన్‌ఖానా. లోపలికి రాగానే గోడ మీద నుంచి కణుజు తల మనల్ని చూస్తుంది. కుర్చీ వేసుకుని దగ్గరగా చూడండి. కళ్లు గాజువి. చెవి అంచు చెదలు తిని రంపపు పళ్లలా అయింది. మెడ కింద కుట్టు దారం బయటపడింది, దాని సందులోంచి ఎండుగడ్డి కనిపిస్తోంది. ఇంటి పెద్దాయన బీరువాలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తెచ్చి చూపిస్తాడు. అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం రాకముందు వేటాడిన తలలు, చర్మాలు ఉన్నవాళ్లు వాటిని ప్రకటించి ఇలాంటి పత్రం తీసుకోవాలి. 2003లో మరోసారి 180 రోజుల గడువు కూడా ఇచ్చారు. వారసుడికి ఇవ్వొచ్చు, అమ్మడానికి వీల్లేదు. "నాయిన కొట్టింది. అప్పుడు లైసెన్సు ఉండె" అంటాడాయన. ఆ గొంతులో గర్వం లేదు, సిగ్గూ లేదు.

అప్పట్లో ఈ వేట ఎవరి చేతిలో ఉండేదో పాత ఫోటోల్లో కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్ దయాళ్ తీసిన షికారు చిత్రాల్లో చచ్చిన పులుల వెనక దొరలు వరసగా నిలబడి ఉంటారు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు వచ్చినప్పుడూ అంతే. కర్నల్ నైటింగేల్ అనే ఒక్క ఇంగ్లీషు అధికారి హైదరాబాద్ రాజ్యంలో 300కు పైగా పులులను చంపాడు. మన పాత జిల్లా సరిహద్దులోనే ఉన్న పోచారం అడవి కూడా నిజాం వేటమైదానమే. ఆ ఫోటోల్లో డప్పు కొట్టి పులిని మచాన్ వైపు తోలిన ఊరివాళ్లు ఉండరు. ఉన్నా అంచున, మసకగా ఉంటారు. పశువును పులి తింటే నష్టం వాళ్లది, పులిని చంపితే పేరు దొరది.

తర్వాత చట్టం వచ్చింది. సరదా వేటకు లైసెన్సులు 1991 సవరణతో పూర్తిగా పోయాయి. ఇక మిగిలిన ముఖ్యమైన తలుపు పదకొండో సెక్షను. మనుషుల ప్రాణానికి ముప్పయిన పులిలాంటి జంతువును, పట్టుకోవడానికీ మత్తిచ్చి తరలించడానికీ వీలు కాదని తేల్చుకున్నాకే, రాతపూర్వక ఉత్తర్వుతో చంపవచ్చు. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో చూడాలంటే ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి.

ఎక్కాం. నిర్మల్ ఘాట్లు, ఆదిలాబాద్ పత్తి లారీలు, పెన్‌గంగ వంతెన. వంతెన దాటితే మహారాష్ట్ర. ఇంకాస్త ముందు పాండర్‌కవడ. ఈ చుట్టుపక్కల పత్తి చేలల్లో 13 మంది చావుకు కారణమంటూ టీ1 అనే ఆడపులి మీద ఉత్తర్వు పడింది. జనం దాన్ని అవని అన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2018 సెప్టెంబరులో కోర్టు జోక్యం చేసుకోలేదు. మత్తిచ్చి పట్టడమే ముందు, అది కుదరకపోతేనే కాల్చాలి. చంపినవారికి బహుమతులేవీ ఇవ్వకూడదు.

వేటగాడు మన హైదరాబాద్ నుంచే వెళ్లాడు, నవాబ్ షఫత్ అలీ ఖాన్. నవంబరు 2 రాత్రి బోరాటి దగ్గర జీపులోంచి కాల్చింది మాత్రం ఆయన కాదు, కొడుకు అస్గర్. పులి మీదికి దూకితే ఆత్మరక్షణకు కాల్చానన్నాడు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ వేసిన కమిటీ డిసెంబరులో ఇచ్చిన నివేదిక ఇంకోలా చెప్పింది. అస్గర్‌కు అనుమతి లేదు. పశువైద్యుడు వెంట లేడు. మత్తుమందు వాడాల్సిన గడువు దాటిపోయింది. తూటా తగిలిన తీరు చూస్తే పులి ఎదురుగా మీదికి వస్తున్నట్టు లేదు.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. అవని చచ్చిందని తెలిసిన రాత్రి ఈ ఊళ్లలో టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచుకున్నారు. రెండేళ్లు పత్తి ఏరడానికి గుంపు లేకుండా పోలేని మనుషుల సంబరం అది. నగరంలో కూర్చుని దాన్ని తప్పు పట్టే అర్హత నాకు లేదనుకుంటాను. నేను తప్పు పట్టేది కాగితం మీద ఒక పేరుండి తుపాకీ వెనక ఇంకో మనిషి ఉండటాన్ని. తర్వాత షూటర్‌కు వెండి పులి బొమ్మ బహూకరించారంటూ 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ విచారణకు వచ్చింది. ఇచ్చింది ఊరివాళ్లే, అధికారుల ప్రమేయం లేదని చెప్పాక ఆ వ్యవహారం అక్కడితో ముగిసింది. తల్లి చచ్చేనాటికి పది నెలల పిల్లలు రెండు. ఆడపిల్లను పట్టి పెంచ్‌కు తరలించారు. 2021 మార్చిలో అడవిలోకి వదిలిన కొద్ది రోజులకే ఇంకో పులితో పోరులో దెబ్బలు తిని చనిపోయింది.

ఈ రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఆఫ్రికా దూరంగా అనిపించదు. 2015 జులైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహం చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధన కోసం మెడకు పట్టీ కట్టిన సింహం. హ్వాంగే పార్కులోంచి ఎరవేసి బయటికి రప్పించి, అమెరికా పళ్ల డాక్టరు వాల్టర్ పామర్ బాణంతో కొట్టాడు. దాదాపు 50,000 డాలర్లు కట్టాడని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా భగ్గుమంది. ఆ అక్టోబరులో జింబాబ్వే మంత్రి ఏం చెప్పారంటే, డాక్టరు కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, కేసు లేదు.

దక్షిణాఫ్రికా కథ ఇంకా ఘోరం. అక్కడ ఖడ్గమృగాన్ని లైసెన్సుతో వేటాడి కొమ్మును ఇంటికి తీసుకుపోవచ్చు, ఏడాదికి మనిషికి ఒకటి. దేశాల మధ్య కొమ్ము వ్యాపారం మాత్రం నిషిద్ధం. ఆ సందులో దళారులు దూరారు. థాయిలాండ్‌కు చెందిన చుమ్లోంగ్ లెమ్‌తోంగ్‌థాయ్ అనేవాడు ఎప్పుడూ తుపాకీ పట్టని ఆడవాళ్లకు డబ్బిచ్చి వేటగాళ్లుగా పేర్లు రాయించాడు. చచ్చిన జంతువు పక్కన వాళ్లను నిలబెట్టి ఫోటో తీయించి, కొమ్ములను వేట జ్ఞాపికల పేరుతో సముద్రం దాటించాడు. 2012లో 40 ఏళ్ల జైలు పడింది, అప్పీలులో 13కు తగ్గింది. లైసెన్సులు అసలువే, ముద్రలు అసలువే. తుపాకీ కూడా పట్టని మనిషి వేటగాడని సంతకం చేసిన అధికారులు, చూస్తూ ఊరుకున్న ఫామ్ యజమానులు లేకుండా ఇది జరగదు.

వేటను సమర్థించేవాళ్లు అనేది కొట్టిపారేసేది కాదు. ఏనుగులు తొక్కిన చేలకు, సింహం ఎత్తుకుపోయిన ఆవుకు ఈ డబ్బే ఆసరా అంటారు. జింబాబ్వేలో 1980ల చివర నుంచి వేట ఆదాయంలో వాటా గ్రామీణ మండళ్లకు పోవాలనే పద్ధతి ఉంది. మండలి దాకా చేరిన డబ్బు గుడిసె దాకా చేరిందా అన్నదే అక్కడి గొడవంతా. టాంజానియా లోలియొండోలో 1992 నుంచి అరబ్ ఎమిరేట్స్ కంపెనీకి వేట హక్కులిచ్చారు. అక్కడి మాసాయి పశుపాలకులకు, ప్రభుత్వానికి మధ్య నేల తగాదా 2022లో పోలీసు కాల్పుల దాకా పోయింది.

మన చట్టంలో ఒక మంచి ఉంది. ముప్పై తొమ్మిదో సెక్షను ప్రకారం, అనుమతితో చంపిన అడవి జంతువు కళేబరం సర్కారు ఆస్తి. కోర, చర్మం, మాంసం ఏదీ ఎవరి ఇంటికీ పోకూడదు. దాన్ని ఆచరణలో చూద్దాం రండి. తిరిగి బోధన్ వైపు వచ్చేశాం, ఇది వేరే ఊరు, తెల్లవారుజాము. తెలంగాణలో పంటలను పాడుచేసే పందుల విషయంలో సర్పంచ్ ద్వారా గుర్తింపు ఉన్న షూటర్‌ను పిలిపించుకునే ఏర్పాటు వచ్చింది. అలా వచ్చిన షూటర్ రాత్రంతా మక్క చేను గట్టున కూర్చున్నాడు. ఇప్పుడు కోత కోసిన చాళ్లలో పెద్ద మగపంది పడి ఉంది. వెన్ను మీద ముళ్లలాంటి వెంట్రుకలు, మూతికి ఎండిన బురద, పై పెదవిని ఎత్తి బయటికొచ్చిన పసుపు కోర. ఊరంతా చేరింది. ఒక పిల్లగాడు పంది మీద కాలు పెట్టి ఫోను పైకెత్తాడు. దీన్ దయాళ్ ఫోటోలో దొర నిలబడ్డట్టే ఉంది ఆ నిలబడటం.

"కాలు తియ్‌రా" అని అరిచాడు అటవీ శాఖ బీట్ ఆఫీసరు. ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి కోర ఒక్కటి అడిగాడు, మనుమడి మొలతాడుకు కడతానని. "ఇయ్యరాదు పెద్దాయనా, నా నౌకరి పోతది." టేపుతో పొడవు కొలిచారు, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశారు, పంచనామా రాసి ఇద్దరి చేత సంతకాలు పెట్టించారు. జేసీబీ తవ్విన గుంతలోకి పందిని లాగి, మీద సున్నం పోశారు.

మొదటి రాత్రి గట్టు మీద మనతో ఉన్న చెరుకు రైతు కూడా వచ్చాడు. ఇంతసేపూ చేతులు కట్టుకుని చూసి, మట్టి పూడ్చాక బీట్ ఆఫీసరు దగ్గరికి పోయాడు.

"సారూ, మా తాన ఇట్ల పందిని కొడితే పంచనామా ఉన్నది. నా చెరుకు పోయినదానికి ఏమున్నది?"

"దరఖాస్తు పెట్టుకో. పాసుబుక్కు జిరాక్సు, ఫోటోలు, వ్యవసాయాధికారి రాసిన నష్టం అంచనా. మూడూ జతజెయ్యాలె."

"నిరుడు మూడూ జతజేసి ఇచ్చిన సారూ. అది ఏ బల్ల మీద ఉన్నదో ముందుగాల అది జెప్పుండ్రి."

బీట్ ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, రైతు పేరు, ఊరు, ఏ నెలలో ఇచ్చాడో పంచనామా పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాడు. రైతు ఆయన రాసింది ఒకసారి చదివించుకుని, సర్వే నంబరు తప్పు పడిందని దిద్దించాడు.