మిలాను తోట తరువాత: అగస్టీను ఒప్పుకోలులో శోధనా స్వరూపము

భక్త అగస్టీను జీవితమును చెప్పువారు సాధారణముగా కథను 386వ సంవత్సరమున మిలాను నగరమందలి ఒక యింటి తోటలో ముగింతురు. పొరుగింటినుండి పాటవలె వినవచ్చిన పసివాని కంఠస్వరము, దానిని దైవాజ్ఞగా గ్రహించి ఆతడు చేతికి తీసికొనిన పౌలు పత్రికల ప్రతి, తెరచినచోట కన్నులబడిన రోమా పత్రిక పదమూడవ అధ్యాయపు తుది వాక్యములు, అవి చదివిన క్షణముననే హృదయమును నింపిన నెమ్మది, ఇవి క్రైస్తవలోకమున ఎన్ని ప్రసంగములలో ఎన్నిమార్లు చెప్పబడినవో లెక్కింప శక్యము కాదు. ఈ ఘట్టము ‘కన్ఫెషన్స్’ అను ఆతని ఒప్పుకోలు గ్రంథమున ఎనిమిదవ భాగము చివర నున్నది. గ్రంథమునకు భాగములు 13. పదవ భాగమును చేరునప్పటికి మనకు కనబడువాడు తోటలో విలపించిన యువకుడు కాడు. 387వ సంవత్సరపు ఈస్టరు పండుగనాడు అంబ్రోసు బిషప్పు చేత బాప్తిస్మము పొంది, ఆఫ్రికాకు మరలి వచ్చి, హిప్పో నగరమునకు తానే బిషప్పయి, పదేండ్లకు పైబడి క్రైస్తవ జీవితము గడపిన పెద్ద. అట్టివాడు తాను పూర్వమెట్టివాడో చెప్పుట చాలించి, ఈ వ్రాయుచున్న వేళ తానెట్టివాడో చెప్పుటకు పూనుకొని, నేటికిని తన్ను వెంటాడుచున్న శోధనలను దేవుని యెదుట ఒక్కటొక్కటిగా విప్పి చూపును. శోధనతో పెనగులాడు విశ్వాసికి అగస్టీను ఇచ్చిన ముఖ్యసాక్ష్యము ఎనిమిదవ భాగమున గాక ఈ పదవ భాగముననే యున్నదని నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఇది పండితుల వాదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మన తెలుగు సంఘములలో సాక్ష్యము చెప్పుటకు లేచి నిలుచున్న విశ్వాసి మారుమనస్సు పొందిన దినముతో తన మాటలను ముగించుట వాడుక. త్రాగుడు మానినాను, జూదము మానినాను, ప్రభువు నన్ను విడిపించినాడు అని చెప్పి కూర్చుండును. సంఘము స్తోత్రము చెప్పును. ఆ స్తోత్రము న్యాయమైనదే. కాని ఆ దినము తరువాత పాత కోపమో పాత మోహమో తిరిగి తలయెత్తినప్పుడు ఆతడు ఎవరితోను చెప్పుకొనజాలక, తాను పొందిన రక్షణ నిజమైనదేనా అని లోలోపల కుమిలిపోవును. పాస్టరుగారితో చెప్పినచో ఏమనుకొందురో, ప్రార్థన కూడికలో చెప్పినచో రేపు ఊరిలో ఏమగునో అను భయము ఆతని నోరు మూయించును. అట్టి మౌనమున నలుగుచున్నవారికి పదవ భాగము తెలిసియుండుట మిక్కిలి అవసరమని నా దృఢమైన నమ్మకము.

శోధన మనస్సులో ప్రవేశించు మార్గమును గూర్చి అగస్టీను తొలినుండియు సూక్ష్మముగా విచారించెను. 391లో హిప్పో సంఘమున గురువుగా నియమింపబడిన పిమ్మట కొలది సంవత్సరములకే కొండమీది ప్రసంగమునకు ఆతడు వ్యాఖ్యానము వ్రాసెను. అందు పాపమునకు మూడు మెట్లు చెప్పబడినవి: జ్ఞాపకము వలననో యింద్రియముల వలననో కలుగు ప్రేరణ మొదటిది, దానియందు మనస్సునకు పుట్టు రుచి రెండవది, ఆ రుచికి బుద్ధి యిచ్చు సమ్మతి మూడవది. సమ్మతి కలిగిననాడే పాపము పూర్ణమగును. తలపు వచ్చినంత మాత్రమున మనుష్యుడు పడిపోలేదు. ఆ చోటనే పాపము హృదయమున నుండుట, క్రియలోనికి వచ్చుట, అలవాటుగా స్థిరపడుట అను మూడు స్థితులను క్రీస్తు లేపిన మువ్వురు మృతులతో ఆతడు పోల్చెను. యాయీరు కుమార్తె ఇంకను ఇంటిలోపలనే యున్నది. నాయీను విధవరాలి కుమారుడు ఊరి గవిని దాటి మోయబడుచున్నాడు. లాజరు సమాధిలో నాలుగు దినములుగా నున్నాడు. మూడవవాని విషయమున ప్రభువు కన్నీరు విడిచి, బిగ్గరగా పిలిచెనని సువార్త చెప్పుచున్నది గదా. అలవాటయిన పాపమును గెలుచుట ఎంత కష్టమో చూపుటకు ఇంతకంటె తగిన ఉదాహరణము నాకు కనబడుటలేదు. అయినను మువ్వురును లేచిరి అన్నది మరువరాదు.

ఈ అలవాటు ఎట్లు బిగిసికొనునో ఒప్పుకోలు ఎనిమిదవ భాగము నాలుగు లంకెలుగా చూపును. వక్రించిన సంకల్పము నుండి కామము, కామమును సేవింపగా అలవాటు, అలవాటును ఎదిరింపకపోగా అనివార్యత పుట్టునని ఆతని నిర్ణయము. బయటివారెవరో వేసిన సంకెల కాదది, తన సంకల్పమే యినుమై తన్ను కట్టినది. చేయి కదలుమని మనస్సు ఆజ్ఞాపించిన చేయి వెంటనే కదలును, మనస్సు తన్ను తానే ఆజ్ఞాపించుకొనినపుడు మాత్రము కదలదు. ఏలయన ఆజ్ఞాపించు సంకల్పము నిండుసంకల్పము కాదు, సగము మాత్రమే. మానీమతమున తొమ్మిదేండ్లు తిరిగినవాడు గనుక, మనలో మేలు కీడు అను రెండు స్వభావములు పోరాడుచున్నవను ఆ మత సిద్ధాంతము ఆతనికి సుపరిచితము. దానిని ఆతడు ఇచ్చట త్రోసిపుచ్చెను. కోరువాడును నేనే, కోరనివాడును నేనే అని బాధ్యతను తనపై వేసికొనెను. పాపము చేయించినది నేను కాదు, నాలోని మరియొకటి అని తప్పించుకొను ద్వారము దీనితో మూసికొనిపోయినది.

ఇది సిద్ధాంతముగా చెప్పబడినచోటికంటె ఆరవ భాగమున అలీపియుసు వృత్తాంతముగా చెప్పబడినచోట హృదయమును ఎక్కువగా తాకును. అలీపియుసు అగస్టీనుకు ప్రాణమిత్రుడు, రోములో న్యాయశాస్త్ర విద్యార్థి, ఖడ్గయోధుల క్రీడలనిన ఏవగింపు గలవాడు. స్నేహితులు ఒకనాడు బలవంతముగా రంగస్థలమునకు లాగుకొని పోవగా, నా శరీరమును మాత్రమే మీరు తీసికొని పోగలరు, నేను కన్నులు మూసికొని కూర్చుందునని ఆతడు బింకముగా పలికెను, అట్లే కూర్చుండెను. అంతలో యోధుడొకడు నేలగూలగా వేలమంది ఒక్కపెట్టున కేక వైచిరి. కన్నులు మూయగలిగినాడు గాని చెవులు మూసికొనలేదు. ఏమి జరిగినదో చూచి అసహ్యించుకొందునను ధైర్యముతో కన్నులు తెరచెను. తెరచినవాడు మరల మూయలేదు. నాటినుండి తన్ను లాగుకొని వచ్చినవారిని మించి, ఇతరులను తానే లాగుకొని పోవువాడాయెను. ఇతడే తరువాత తగాస్తె నగరమునకు బిషప్పయ్యెను. ఆతని పతనమునకు మూలము క్రూరత్వముపై ప్రీతి గాక, తన బలముమీది నమ్మకమని అగస్టీను చేసిన నిర్ణయము ముందు రాబోవు వాదమంతటికిని బీజము.

ఈ సందర్భమున ఒక స్త్రీని గూర్చి చెప్పక దాటిపోవుట అన్యాయమగును. అగస్టీను అనేక సంవత్సరములు కాపురము చేసిన, అదియోదాతుసు అను కుమారుని ఆతనికి కనిన ఆమె పేరు గ్రంథమున లేదు. మిలానులో ఉన్నతకుటుంబపు కన్యతో ఆతనికి వివాహము నిశ్చయింపబడగా, ఆమె బిడ్డను విడిచి ఆఫ్రికాకు పంపివేయబడినది. ఇక పురుషుని ఎరుగనని దేవునికి మ్రొక్కుకొని వెడలినది. ఆతడో, నిశ్చయమైన కన్యకు వివాహయోగ్యమైన వయస్సు వచ్చుటకు ఇంకను రెండేండ్లు పట్టుననగా ఓర్వలేక, మరియొక స్త్రీని చేరదీసెను. తన హృదయము గాయపడి రక్తము కారినదని ఆతడు వ్రాసెను. ఆమె చూపిన నిగ్రహమును తాను అనుకరింపలేకపోయితిననియు దాచక వ్రాసెను. మిలాను తోటకు ముందే ఆ పోరాటమున నిలిచినది ఆమె. సంఘచరిత్రకారులు ఆమెకు ఈయవలసిన గౌరవమును ఈయలేదని నా అభిప్రాయము.

ఇక పదవ భాగము. యోహాను మొదటి పత్రిక చెప్పిన శరీరాశ, నేత్రాశ, జీవపు డంబము అను మూటిని ఆధారముగా గైకొని అగస్టీను తన్ను తాను పరీక్షించుకొనును. మేలుకొని యున్నప్పుడు బలహీనములైన పూర్వస్మృతులు నిద్రలో స్వప్నములై వచ్చి సమ్మతిని సైతము రాబట్టుచున్నవని బిషప్పు స్థానమున నున్న మనుష్యుడు ఒప్పుకొనుట నేటికిని విస్మయము కలిగించును. భోజనమును ఔషధమువలె పుచ్చుకొనవలెనని ఆతని నియమము. కాని ఆకలి తీరి తృప్తి కలుగు దారిలోనే రుచి పొంచియుండును, ఆరోగ్యమునకు చాలినంత ఏది, సుఖమునకు చాలినంత ఏది యను హద్దు కనబడదు, ఆ కనబడకపోవుటకే మనస్సు లోలోపల సంతోషించి ఆరోగ్యమను సాకు చాటున దాగును. ఈ పరిశీలనము ఎంత నిశితమైనదో ఉపవాస దినములు గడపినవారందరికిని తెలియును. మద్యపానము తనకు దూరమనియు, అతిభోజనము మాత్రము అప్పుడప్పుడు తెలియకుండ వచ్చి పట్టుకొనుచున్నదనియు కూడ ఆతడు చెప్పును.

చెవి విషయమున ఆతని సంకోచము మరింత సున్నితమైనది. మిలాను సంఘమున కీర్తనలు విని క్రొత్త విశ్వాసిగా కన్నీరు కార్చినవాడు, ఇప్పుడు పాడబడు సత్యముకంటె పాట తన్ను ఎక్కువగా కదలించునప్పుడు అది తప్పిదమని తలంచును. అలెగ్జాండ్రియాలో అథనాసియుసు కీర్తనలను పాటకంటె చదువునకు దగ్గరగా నుండునట్లు పలికించెనని విన్న మాట ఆతనికి క్షేమకరముగా తోచును; మరల తన కన్నీరు జ్ఞప్తికి వచ్చి, బలహీనులను భక్తికి లేపు గానమును సంఘమున ఉంచుటయే మేలని మొగ్గును. ఇచ్చట తుదితీర్పు లేదు, ఊగిసలాట మాత్రమే యున్నది. ఆ ఊగిసలాటను అట్లే వ్రాసి విడిచినందుకే ఆ పుటలు నాకు ప్రియములు. అంతకంటె అల్పమైన విషయములును ఆతడు విడువలేదు. వినోదశాలలకు పోవుట మానినను, దారిలో కుక్క కుందేలును తరుముట కనబడిన ధ్యానము చెదరిపోవును. ఇంట కూర్చుండియుండగా బల్లి ఈగలను పట్టుటయో, సాలెపురుగు వానిని తన గూటిలో చుట్టుటయో చూపును లాగుకొని పోవును. సృష్టికర్తను స్తుతించుటకు అది దారితీయవచ్చును గాని, తాను చూడనారంభించినది అందుకు కాదని ఆతడెరుగును. అన్నిటికంటె లోతైనది పొగడ్త. ఉపదేశకుడు జనుల మెప్పును పూర్తిగా వదలుకొనజాలడు, మంచిగా జీవించువానికి మెప్పు నీడవలె వెంట వచ్చును, దానిని కోరుటలేదని చెప్పుకొనుటలో సైతము ఒక గర్వము పుట్టును. మిగిలిన శోధనలలో తానెంత దూరము జయించెనో కొలిచి చూచుకొనగలనని, ఈ ఒక్కదానిలో తన్ను తాను తెలిసికొనలేకున్నానని ఆతని మొర.

ఇన్ని శోధనల నడుమ ఆతడు పదే పదే చేసిన ప్రార్థన ఒకటి కలదు. దేవుడు ఏది ఆజ్ఞాపించునో దానిని చేయు శక్తిని దేవుడే దయచేయవలెను, అప్పుడు ఆయన తన ఇష్టమైనది ఆజ్ఞాపింపవచ్చును అనుట దాని సారము. రోములో ఒక బిషప్పు ఈ మాటలను ఉదాహరింపగా బ్రిటను దేశీయుడైన పెలేజియుసు విని సహింపలేకపోయెనని అగస్టీనే తన వార్ధక్యమున వ్రాసెను. పెలేజియుసును కేవలము దుష్టునిగా చిత్రించుట సత్యము కాదు. ఆతడు కఠిననియమములతో జీవించినవాడు. సోమరులైన క్రైస్తవులు తమ బలహీనతను చాటు చేసికొని పాపమున నిద్రించుట చూచి మండిపడినవాడు. చేయజాలని దానిని దేవుడు ఆజ్ఞాపింపడను ఆతని వాదమున నైతికమైన గంభీరత లేకపోలేదు. కాని ఆ వాదము పడిపోయినవాని చేతికి ఏమిచ్చును? నీవు లేవగలవు, లేవలేదనిన అది నీ తప్పు అను తీర్పును మాత్రమే. అలీపియుసు రంగస్థలమునకు కొనిపోయినది సరిగా ఈ నమ్మకమునే. 418లో కార్తేజి సభ పెలేజియుసు మతమును ఖండించినపుడు, ప్రభువు నేర్పిన ప్రార్థనలోని అపరాధక్షమాపణ విన్నపమును భక్తులు వినయము కొరకు మాత్రమే గాని సత్యముగా పలుకుటలేదనువారిని సైతము ఖండించుట గమనింపదగినది. పరిశుద్ధుడును ఆ విన్నపమును తనకొరకే, నిజముగానే చేయుచున్నాడని సభ నిర్ణయము.

రోమా పత్రిక ఏడవ అధ్యాయమును అగస్టీను చదివిన తీరు మారుటయు ఈ క్రమముననే జరిగినది. కోరిన మేలు చేయక కోరని కీడు చేయుచున్నానని అచ్చట మొరపెట్టువాడు ధర్మశాస్త్రమునకు లోబడి యింకను కృపను ఎరుగనివాడని ఆతడు 390 దశాబ్దమున వ్రాసెను. పెలేజియుసు పక్షమువారితో వాదించిన కాలమున, ఆ కంఠము కృపను పొందిన అపొస్తలునిదే యనియు, కీడు చేయుట యనగా సమ్మతి లేకయే లోపల ఆశ కదలుటయనియు ఆతని వ్యాఖ్య స్థిరపడినది. తన రచనలను తానే సమీక్షించుకొనిన గ్రంథమున ఈ మార్పును బహిరంగముగా తెలిపెను. వాదమునందు గెలుపు కొరకే ఈ మార్పని కొందరు విమర్శకులు తలంతురు. పదవ భాగము చదివినవారికి అట్లు తోచదు. వ్యాఖ్య మారక ముందే అనుభవము అచ్చట నమోదై యున్నది. వాండలులు ముట్టడించిన హిప్పోలో 430వ సంవత్సరము ఆగస్టు 28న మరణించుటకు ముందు, పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి పడకయెదుట గోడకు తగిలించుకొని కన్నీటితో చదువుచుండెననియు, ప్రార్థనకు భంగము కలుగకుండ పది దినములు తన గదిలోనికి పరిమితముగా తప్ప ఎవరిని రానీయవలదనెననియు శిష్యుడు పొసిదియుసు వ్రాసిన చరిత్రము తెలుపుచున్నది.

అయినచో ఈ బోధ పాపమునకు అలుసు నిచ్చుట కాదా యను ప్రశ్న న్యాయమైనదే. ఆశ కదలుట వేరు, సమ్మతి వేరు అను భేదము దానికి మొదటి సమాధానము. సమ్మతింపరాదన్న పట్టుదలను అగస్టీను ఎన్నడును సడలింపలేదు. కాని సమ్మతించి పడిపోయినవాని మాటయేమి? దినదినమును జరుగు అల్పదోషములకు ప్రభువు ప్రార్థనలోని విన్నపము, ఉపవాసము, దానధర్మములు చాలునని ఆతని బోధ. ఘోరపాపములకు నాటి సంఘమున బహిరంగ ప్రాయశ్చిత్తము ఉండెను, అది జీవితమున ఒక్కమారు మాత్రమే లభించెడిది. రెండవమారు పడినవానికి సంఘము ఆ ద్వారము తెరచెడిది కాదు. ఆఫ్రికాలో రోమను అధికారియైన మాసెదోనియుసునకు వ్రాసిన లేఖలో అగస్టీను ఈ కట్టుబాటును కాదనలేదు. చులకనయైన ఔషధము రోగికి పనిచేయదని దానిని సమర్థించెను. సమర్థించిన వెంటనే, అట్లు రెండవమారు పడినవానిని దేవుడు ఇంకను ఓర్చుకొనుచున్నాడనియు, సంఘమున ఆ స్థానము దొరకకున్నను ఆతడు బ్రతుకు మార్చుకొని దుఃఖించి ప్రార్థించుట వ్యర్థము కాదనియు, అట్టివానిని మరల ఏల క్షమించితివని దేవుని అడుగుటకు ఎవరికిని సాహసము చాలదనియు వ్రాసెను.